జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ముస్లిం అస్తిత్వం: జనాభిప్రాయాలు, అపోహలు

నిర్వచనం

ఒక వ్యక్తి తాను ముస్లింనని చెప్పుకున్నప్పుడు ఆ మాటలో విశ్వాసంతో పాటు పుట్టుక, కులం, వృత్తి, ఇంటి భాష, ఊరు కలిసే ఉంటాయి. ఈ కలయికనే ముస్లిం అస్తిత్వం అంటారు. దాని గురించి బయటివారు ఏర్పరచుకున్న అభిప్రాయాల్లో కొన్ని అనుభవం నుంచి వచ్చినవి, కొన్ని వినికిడి నుంచి వచ్చినవి. ఆధారాలకు నిలవని వాటిని ఇక్కడ అపోహలుగా పరిగణించాం. తెలంగాణలో ఈ అపోహల్లో చాలావాటికి మూలం ఒకటే: హైదరాబాద్ పాతబస్తీని, నిజాం దర్బారును చూసి అదే ముస్లిం జీవితమంతా అనుకోవడం. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో బతుకుతున్న ముస్లింలు ఆ చట్రంలో ఇమడరు.

పరిధి, జనాభా

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ప్రధానంగా ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2011 జనగణన నాటికి తెలంగాణ ప్రాంత జనాభాలో ముస్లింలు సుమారు 12.7 శాతం. వారిలో మూడో వంతుకు పైగా ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే ఉన్నారు. ఆ జిల్లాలో వారి వాటా 43 శాతం దాటింది. ఉమ్మడి వరంగల్‌లో మాత్రం రాష్ట్ర సగటులో సగానికి దగ్గరగా ఉంది.

ఇక్కడి ముస్లింలు పట్టణాల్లో, మండల కేంద్రాల్లో కొంత గుంపుగా, పల్లెల్లో కొద్ది ఇళ్లుగా విడివిడిగా ఉంటారు. ఊళ్లో నాలుగైదు సాయబుల ఇళ్లు ఉంటే వాటి చుట్టూ అన్ని కులాల ఇళ్లూ ఉంటాయి. కౌలు సేద్యం, కుట్టుపని, మెకానిక్ పని, మాంసం అంగడి, గాజుల అమ్మకం, ఆటో, లారీ డ్రైవింగ్ వంటివి వీరి ప్రధాన జీవనాధారాలు.

చారిత్రక నేపథ్యం

1323లో ఢిల్లీ సుల్తానత్‌కు చెందిన ఉలుగ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు (వరంగల్) లొంగిపోవడంతో కాకతీయ రాజ్యం ముగిసింది. ఆ తర్వాతి కథను రెండు మతాల పోరుగా చెప్పడం పరిపాటి అయింది. అయితే స్థానిక చరిత్ర అంత సూటిగా నడవలేదు. పదహారో శతాబ్ది మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. ఆయన హిందువు. ఖాన్ అన్నది ఆయనకు పదవితో వచ్చిన బిరుదు. పేరును బట్టి మతాన్ని, మతాన్ని బట్టి పక్షాన్ని నిర్ణయించే అలవాటుకు ఈ ఒక్క ఉదాహరణే అడ్డుపడుతుంది.

కుతుబ్‌షాహీల కాలంలో తెలుగుకు ఆదరణ దొరికింది. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అచ్చతెనుగులో పొన్నెగంటి తెలగనార్యుడు రాసిన యయాతి చరిత్రము కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమైంది. అసఫ్‌జాహీల కాలానికి వస్తే, మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చింది. ఇప్పటికీ ఊరి జనం నోట రెండు పేర్లూ వినిపిస్తాయి.

"ముస్లింలు పాలకులు" అన్న అభిప్రాయం

పాలకుడు ముస్లిం కాబట్టి ముస్లింలందరూ పాలకవర్గమే అన్నది ఈ ప్రాంతంలో అన్నిటికంటే పాత అపోహ. నిజాం కొలువులో ఉన్నతోద్యోగులు, జాగీర్దారులు కొందరు ముస్లింలు. పల్లెల్లో అధికారం మాత్రం దేశ్‌ముఖ్‌లది, పటేల్ పట్వారీలది. వారిలో అత్యధికులు హిందూ అగ్రకులాలవారు. సాధారణ ముస్లిం కుటుంబం తక్కిన రైతుకూలీలు మోసిన వెట్టిబరువు కిందే ఉంది.

దీనికి జనగామ ప్రాంతంలోనే స్పష్టమైన సాక్ష్యం షేక్ బందగీ. ఇప్పటి దేవరుప్పుల మండలంలోని కామారెడ్డిగూడెం ఆయన ఊరు. కొద్దిపాటి భూమి మీద తలెత్తిన తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అండ బందగీ ఎదుటి పక్షానికి దక్కింది. ఆ ఎదుటి పక్షం బందగీ సోదరుడే. అంటే ఇక్కడ గీత రెండు మతాల మధ్య పడలేదు, ఒకే ఇంట్లో పడింది. ఒక వైపు దొర అండ, మరో వైపు ఒంటరి రైతు. దొర మాట కాదని కోర్టుకెక్కడమే ఆ రోజుల్లో సాహసం. బందగీ ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపి గెలిచాడు. ఆ గెలుపు తర్వాత దొర మనుషులు దారి కాచి ఆయనను నరికి చంపారు. జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే రోడ్డు పక్కన ఆయన సమాధి ఉంది. ఏటా అక్కడ జనం కూడతారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన మా భూమి నాటకానికి బందగీ జీవితమే ప్రేరణ. ఇదే ప్రాంతంలోని కడవెండిలో 1946 జూలై 4న తెలంగాణ సాయుధ పోరాట తొలి అమరుడిగా చెప్పుకునే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాట చరిత్రలో ఈ రెండు పేర్లనూ పక్కపక్కన చెప్పుకోవడం న్యాయం.

రజాకార్లు, పోలీసు చర్య

నిజాం పాలనను నిలపడానికి పనిచేసిన సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యాలు వాస్తవం. వాటిని తక్కువ చేసి చెప్పడం బాధితులకు అన్యాయం చేయడమే. అప్పట్లో జనగామ తాలూకాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిపై 1948 ఆగస్టు 27న జరిగిన దాడిలో గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. ఆ ఊరి బురుజు నేటికీ ఆ ఘటనకు గుర్తుగా ఉంది.

రజాకార్ల చర్యలకు ముస్లింలందరినీ బాధ్యులను చేసే చోటే అపోహ మొదలవుతుంది. కాశిం రజ్వీ నడిపిన ఆ సంస్థను ఎదిరించిన ముస్లింలలో షోయబుల్లా ఖాన్ ముఖ్యుడు. ఆయన 1920 అక్టోబర్ 17న మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో పుట్టాడు. తేజ్, రయ్యత్ పత్రికల్లో పనిచేసి 1947 నవంబర్‌లో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రికను ప్రారంభించాడు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని, ప్రజాప్రభుత్వం ఏర్పడాలని అందులో రాశాడు. రజాకార్లను ఖండిస్తూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను కూడా ప్రచురించాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనపై కాల్పులు జరిపి, రాసే చేతిని నరికారు. మర్నాడు తెల్లవారుజామున ఆయన చనిపోయాడు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. సాయుధ పోరాటానికి పాట కట్టిన మఖ్దూం మొహియుద్దీన్ కూడా ముస్లిమే, కమ్యూనిస్టు నాయకుడే. ఇంకో వైపు కొందరు హిందూ దేశ్‌ముఖ్‌లు తమ గడీలను కాపాడుకోవడానికి రజాకార్లను ఊళ్లకు రప్పించారు.

హైదరాబాద్ సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపడానికి 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు భారత సైన్యం సాగించిన పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత సంస్థానంలో ముస్లింలపై హింస జరిగింది. దానిపై కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేలుగా అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ నివేదిక 2013 వరకు జనానికి అందుబాటులోకి రాలేదు. రజాకార్ల కథ ఇంటింటా తెలిసి, ఈ రెండో సగం తెలియకపోవడం వల్ల ప్రజల జ్ఞాపకం ఒక పక్కకు ఒరిగింది. (చూ. హైదరాబాద్ సంస్థాన విలీనం)

సామాజిక వర్గాలు

ముస్లింలంతా ఒకే వర్గమన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇస్లాం సిద్ధాంతంలో కులం లేదు, సమాజంలో మాత్రం ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు తమను పైవర్గాలుగా భావించుకుంటారు. దూది ఏకే వృత్తి నుంచి వచ్చిన దూదేకుల లేదా నూర్‌బాషాలు, మాంసం వృత్తిలో ఉన్న ఖురేషీలు, క్షౌరవృత్తివారు, అత్తరు సాయబులు, ఫకీర్లు, రాళ్లు కొట్టే తురకకాశలు వేర్వేరు వర్గాలు. వీరి మధ్య పెళ్లి సంబంధాలు నిన్నమొన్నటి దాకా అరుదే.

రిజర్వేషన్ల విషయంలో అపోహలకు కారణం ఈ వర్గభేదం తెలియకపోవడమే. దూదేకులకు చాలాకాలంగా బీసీ-బి వర్గంలో చోటుంది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 14 వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కేటాయించింది. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోరా, ఖోజా వంటి వర్గాలను అందులో చేర్చలేదు. హైకోర్టు 2010 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కేటాయింపు కొనసాగుతోంది. కాబట్టి "ముస్లిం అయితే చాలు, రిజర్వేషన్ వస్తుంది" అన్న మాట సరికాదు. ఇది మత ప్రాతిపదిక మీద జరిగిన కేటాయింపా, వెనుకబాటు ప్రాతిపదిక మీద జరిగినదా అన్నదే న్యాయవివాదంలో అసలు ప్రశ్న. వాటాను 12 శాతానికి పెంచుతూ 2017లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన బిల్లు అమల్లోకి రాలేదు.

భాష

ఉర్దూ ముస్లింల భాష, తెలుగు హిందువుల భాష అన్న విభజన ఈ జిల్లాల అనుభవానికి పొసగదు. ఇక్కడి ముస్లింలలో ఎక్కువమంది ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. వాకిలి దాటితే తెలుగే. చాలామంది చదివింది తెలుగు మాధ్యమంలోనే. ఉర్దూ మాట్లాడగలిగి, చదవడం రాయడం రానివారు పల్లెల్లో కోకొల్లలు. దూదేకుల ఇళ్లలో ఇంటి భాష కూడా తెలుగే.

ఉర్దూ నేర్చిన హిందువుల సంఖ్య తక్కువేమీ కాదు. 1884లో పార్శీ స్థానంలో సంస్థాన పాలనా భాషగా వచ్చినప్పటి నుంచి పట్వారీ లెక్కలు, కోర్టు కాగితాలు, పెద్ద చదువులు ఉర్దూలో సాగాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య నిజాంను ఎదిరించి జైలుకు వెళ్లాడు. ఆ దాశరథే తర్వాత మీర్జా గాలిబ్ కవితను గాలిబ్ గీతాలుగా తెలుగు చేశాడు. పాలకుడి మీది కోపం పాలకుడి భాష మీదికి మళ్లకుండా చూసుకున్న ఆ తరం వివేకం గమనించదగినది. దవాఖాన, నౌకరి, జాగ, పరేషాన్, బర్కత్ వంటి మాటలు ఈ ప్రాంతంలో అన్ని కులాల ఇళ్లలోనూ వాడుకలో ఉన్నాయి.

పీర్ల పండుగ

మొహర్రం నెలలో జరిగే పీర్ల పండుగ ఈ జిల్లాల పల్లెల్లో అందరిదీ. నెలపొడుపు కనిపించాక పీర్ల కొట్టంలో పీరీలను నిలబెడతారు. ఇత్తడి పంజాలను పొడవాటి కర్రలకు బిగించి, రంగురంగుల దట్టీలు చుడతారు. కొట్టం ముందు అలావ గుంత తవ్వి నిప్పు రాజేస్తారు. రాత్రిపూట డప్పు చప్పుడుకు దాని చుట్టూ అడుగులు వేస్తూ ఆసోయ్ దూలా ఆడతారు. మొక్కుకున్నవారు కుడుకలు, దట్టీలు, ఊదు తెస్తారు. పిల్లల చేతుల్లో మలీద ముద్దలు పెడతారు. పీరును ఎత్తుకునే హక్కు చాలా ఊళ్లలో ముస్లిమేతర కుటుంబాలకు తరతరాలుగా వస్తోంది. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి. పదో రోజు వాటిని నీళ్లకు సాగనంపుతారు.

ఈ పండుగ చుట్టూ రెండు అపోహలున్నాయి. ఇది సంబరమన్నది మొదటిది. నిజానికి క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్, ఆయన అనుచరులు అమరులైన సందర్భానికి ఇది సంతాప దినం. మొహర్రం పాటించేవారంతా షియాలన్నది రెండోది. ఇక్కడి ముస్లింలలో దాదాపు అందరూ సున్నీలే. పీర్లను నిలబెట్టడం మతసమ్మతం కాదని భావించే సంస్కరణవాద ముస్లింలు కూడా ఉన్నారు. తబ్లీగీ జమాత్ అనే సంస్కరణ ఉద్యమ ప్రచారం పెరిగాక కొన్ని కుటుంబాలు ఈ ఆచారానికి దూరమయ్యాయి. పీర్లను ఎత్తడం మానేసినవారిని తీవ్రవాదులుగా, ఎత్తేవారిని అసలైన ముస్లింలు కానివారుగా చూడడం రెండూ తప్పే.

దర్గాలు, పేర్లు

కాజీపేటకు ఆ పేరు అక్కడి కాజీల వల్ల వచ్చింది. ఆ ఊళ్లో సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా ఉంది. జనజీవితంలో అంతకన్నా లోతుగా దిగినది పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్. అక్కడి యాకూబ్ షావలీ దర్గాకు మహబూబాబాద్, జనగామ పల్లెల నుంచి అన్ని కులాలవారు వస్తారు. మొక్కు తీరినవారు మేకనో పొట్టేలునో తోలుకొచ్చి కందూరు చేస్తారు. ముల్లా జబా చేస్తే, అక్కడే చెట్ల కింద రాళ్లపొయ్యి మీద వండి, ఫాతెహా ఇప్పించి, చుట్టాలందరికీ వడ్డిస్తారు. పిల్లల పుట్టు వెంట్రుకలు తీయించేవారూ ఉన్నారు.

యాకూబ్ షావలీ మీద నమ్మకంతో పిల్లలకు యాకయ్య, యాకమ్మ, యాకూబ్‌రెడ్డి అని పేర్లు పెట్టుకున్నారు. ఈ ప్రాంతపు ఓటరు జాబితాల్లో ఆ పేర్లు విరివిగా కనిపిస్తాయి. వీరు ముస్లింలు కారు. పేరు విని మతం నిర్ధారించే బయటి ఉద్యోగులకు ఇది తికమక. ఊరివారికి ఇందులో వింతేమీ లేదు.

కుటుంబం, జనాభా

ముస్లింలలో బహుభార్యత్వం సర్వసాధారణమన్న అభిప్రాయం గణాంకాలకు నిలవదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్తకు మరో భార్య ఉందని చెప్పిన వివాహిత స్త్రీలు దేశవ్యాప్తంగా ముస్లింలలో 1.9 శాతం, హిందువుల్లో 1.3 శాతం. ముస్లిం వ్యక్తిగత చట్టం దాన్ని అనుమతిస్తోంది, హిందూ వివాహ చట్టం నిషేధించింది. చట్టంలో ఉన్నంత తేడా ఆచరణలో లేదు.

సంతానం విషయంలోనూ ఇంతే. 1992–93లో దేశంలో ఒక్కో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019–21 నాటికి అది 2.36కు దిగింది. హిందువుల్లో 3.3 నుంచి 1.94కు దిగింది. తేడా ఇంకా ఉంది, కానీ తగ్గుదల ముస్లింలలోనే వేగంగా ఉంది. పిల్లల సంఖ్య మతం కన్నా తల్లి చదువు, కుటుంబ ఆదాయం, ఆసుపత్రి అందుబాటును బట్టి మారుతుంది.

ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పిచ్చింది. 2019 చట్టం దాన్ని నేరంగా ప్రకటించింది. ముస్లిం స్త్రీకి ఖులా ద్వారా విడాకులు కోరే వీలుందన్న సంగతి బయట తక్కువమందికి తెలుసు. బురఖా వాడకం కుటుంబాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. పొలం పనికి, కూలికి వెళ్లే పల్లె స్త్రీలలో చాలామంది చీర కొంగు తల మీద కప్పుకుంటారు.

చదువు

ముస్లిం పిల్లలు మదర్సాల్లోనే చదువుతారన్నది మరో అపోహ. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేవారు 3 శాతమే. సాయంత్రం మసీదులో ఖురాన్ చదవడం నేర్చుకుని, పగలు సర్కారు బడికి వెళ్లే పిల్లలను కూడా మదర్సా పిల్లలుగా లెక్కవేయడం వల్ల ఈ అభిప్రాయం ఏర్పడింది. 2016 నుంచి తెలంగాణ మైనారిటీ గురుకులాలు జిల్లాల్లో ఇంగ్లీషు మాధ్యమంలో నడుస్తున్నాయి. వీటిలో ఇతర వర్గాల పిల్లలకు కూడా సీట్లున్నాయి. చదువుకు బయట, ప్రభుత్వ సాయం గురించి ఇంకో అపోహ ఉంది: హజ్ యాత్రకు ప్రభుత్వ సబ్సిడీ ఇంకా అందుతోందని చాలామంది నమ్ముతారు. అది 2018లో రద్దయింది.

అనుమానపు చూపు

బాంబు పేలుళ్ల తర్వాత ఒక సమాజం మొత్తాన్ని అనుమానించడం ముస్లింలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన ధోరణి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక పలువురు ముస్లిం యువకులను అరెస్టు చేశారు. తర్వాత కోర్టులు వారిని నిర్దోషులుగా విడుదల చేశాయి. రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. అరెస్టు వార్త చేరినన్ని ఇళ్లకు విడుదల వార్త చేరలేదు.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళుతుండగా జనగామ, ఆలేరు మధ్య పోలీసు వాహనంలో అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలు కాల్పుల్లో చనిపోయారు. వారు ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. చేతులకు బేడీలున్న ఫొటోలు బయటికి రావడంతో పౌరహక్కుల సంఘాలు ఆ వాదనను ప్రశ్నించాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ ఖైదీలపై ఆరోపణలు తీవ్రమైనవి, కానీ విచారణ పూర్తికాలేదు. విచారణ ఖైదీకి, శిక్షపడిన దోషికి మధ్య ఉన్న తేడా నాటి బహిరంగ చర్చలో చాలావరకు చెరిగిపోయింది.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ సమావేశం తర్వాత కరోనా వ్యాప్తిని ముస్లింలకు అంటగట్టే ప్రచారం దేశమంతా నడిచింది. పండ్లు, కూరగాయలు అమ్ముకునే ముస్లింలు దాని దెబ్బ తిన్నారు. ఆ సమావేశానికి వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది.

సాహిత్యంలో

బయటివారి చూపుకు జవాబును తెలుగు ముస్లిం రచయితలు తెలుగులోనే రాశారు. దేశభక్తిని పదేపదే రుజువు చేసుకోవాల్సి రావడంలోని బాధ ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత పుట్టుమచ్చ (1991)కు వస్తువు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాతి దశాబ్దంలో ముస్లింవాద కవిత్వం ఒక ధోరణిగా నిలబడింది. జల్‌జలా (1998) కవితా సంకలనం, స్కైబాబా సంపాదకత్వంలో వచ్చిన వతన్ (2004) కథా సంకలనం ఆ దశకు ముఖ్య గ్రంథాలు. ఖాజా, అఫ్సర్, యాకూబ్, వరంగల్‌కు చెందిన అన్వర్ ఈ ధోరణిలో పేరున్న కవులు. పరాయి చూపును ప్రశ్నించినంత గట్టిగా ఇంట్లోని పురుషాధిక్యాన్ని కూడా షాజహానా నఖాబ్ సంపుటిలో ప్రశ్నించింది. దూదేకుల రచయితలు పై వర్గ ముస్లింలు తమను తక్కువగా చూడడాన్ని రాశారు. (చూ. ముస్లింవాద సాహిత్యం, దూదేకుల, తెలంగాణ సాయుధ పోరాటం)